రిజిస్టరులో వేళకే వచ్చిన పిట్టలు

ముప్పై ఒక్క సంవత్సరాల పాటు ఒకే గదిలో, ఒకే కిటికీ పక్కన, ఒకే బల్ల మీద ఒక మనిషి ఒక రిజిస్టరు రాశాడు. అందులో మొదటి పంతొమ్మిది సంవత్సరాలు నిజం. తర్వాతి పన్నెండు సంవత్సరాలు అబద్ధం. చివరికి ఆ అబద్ధమే సాక్ష్యంగా నిలబడింది. అది అబద్ధమని ఒప్పుకున్న మనిషి మాత్రం నిలబడలేకపోయాడు. అది ఎలా జరిగిందో వరుసగా చెప్పడం తప్ప నా చేతిలో ఇప్పుడు మరో పని మిగల్లేదు.

ఆయన లస్కరు. అంటే డ్యామ్ మీద గేట్లు ఎత్తేవాడు, దించేవాడు, పొద్దునా సాయంత్రమూ నీటిమట్టం చూసి రాసేవాడు. కాలనీలో అందరికీ ఆయన గేటయ్య. పొట్టి మనిషి. ఇనుప చక్రం తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికంటే అంగుళం కిందికి దిగింది. చొక్కా కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడల్లా దర్జీ "ఏ భుజానికి కుట్టమంటావు?" అని అడుగుతాడని ఆయనే చెప్పి నవ్వేవాడు. డ్యామ్ పక్కనే రెండు గదుల క్వార్టరు. అందులో ఆయనా, ఆయన భార్యా. ఆవిడ కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. ఆవిడ నోటికి కాలనీ అంతా జడిసేది.

డ్యామ్ కింద నది రెండుగా చీలిన చోట, నీళ్లు తగ్గాక ఒక ఇసుక దిబ్బ బయటపడుతుంది. ఏటా మార్చి నెలలో సముద్రం దాటి కొన్ని వందల పిట్టలు ఆ దిబ్బ మీద దిగుతాయి. తెల్లటి ఒళ్లు, ఎర్రటి ముక్కు, నెత్తిన నల్లటి టోపీ పెట్టినట్టు ఈకలు. అందుకే వాటిని టోపీపిట్టలంటారు. అవి గూడు కట్టవు. పొట్టతో ఇసుకను తొలిచి, ఆ గుంటలో ఇసుక రంగు గుడ్లు పెడతాయి. జతకట్టి గుడ్లు పెట్టడానికి రెండు మూడు వారాలు, పొదగడానికి మూడు వారాలు, పిల్ల రెక్కలు ముదిరి ఎగరడానికి మరో నాలుగు వారాలు. అంతకాలం దిబ్బ పొడిగా ఉండాలి. ఈ లెక్కలో ఒక్క రోజు కూడా బేరమాడటానికి వీల్లేదు.

రిజిస్టరులో చివరి గడి పేరు 'ఇతర వివరములు'. మిగతా డ్యామ్‌లలో లస్కర్లు ఆ గడిలో అడ్డగీత గీసి వదిలేస్తారు. గేటయ్యకు ఖాళీ గడి చూస్తే చేతికి దురద. ఉద్యోగంలో చేరిన ఏడాదే అందులో రాశాడు: 'మార్చి 3. టోపీపిట్టలు వచ్చినవి.' మళ్లీ మే నెలలో: 'మే 10. టోపీపిట్టలు పోయినవి.' ఎవరూ రాయమనలేదు. ఎవరూ వద్దనలేదు.

ఆరో ఏట, డ్యామ్ నిర్వహణకు కొత్త నిబంధనలు రాస్తున్న అప్పటి ఇంజినీరు, నీటిమట్టం రాసే గేజు గదిలోకి వచ్చి రిజిస్టరు తిరగేశాడు.

"ఏమయ్యా, ఈ పిట్టలు ఎప్పటికి ఖాళీ చేస్తాయి?"

"మే పది, పన్నెండు సార్. ఆ తర్వాత ఒక్కటీ ఉండదు."

"గట్టిగా చెప్తున్నావా?"

"నేను చెప్పడమేముంది సార్, పుస్తకంలో ఉంది. చూసుకోండి."

ఇంజినీరు చూసుకున్నాడు. నిబంధనల్లో పద్నాలుగోది అలా పుట్టింది: ఏటా మే పదిహేనో తేదీ ఉదయం పది గంటలకు గేట్లు తెరవవలెను. రాసిన రోజున అది న్యాయమైన నిబంధన. పిట్టలు ఏం చేస్తున్నాయో ఒక లస్కరు చూశాడు, లస్కరు చూసినదాన్ని చట్టం విన్నది. చట్టానికి అంతకంటే మర్యాద నేను చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడా చూడలేదు. గేటయ్య ఆ కాగితం నకలు పట్టుకుని ఇంటికి పరుగెత్తాడు.

"ఇదిగో చూడు, ఇది నా తేదీ. ప్రభుత్వం వేసుకుంది."

"జీతమేమైనా పెంచారా?" అంది ఆవిడ మిషను ఆపకుండా.

"లేదు."

"అయితే అది వాళ్ల తేదీయే."

ఉద్యోగంలో పంతొమ్మిదో ఏట పిట్టలు మొదటిసారి ఆలస్యంగా వచ్చాయి. అవి చలికాలం గడిపే దూరపు తీరంలో సముద్రం వేడెక్కింది. చేపలు ఒడ్డు దగ్గరికి రావడం ఆలస్యమైంది. సముద్రం దాటడానికి కావలసిన కొవ్వు ఒంటికి పట్టేదాకా అవి అక్కడే ఆగవలసి వచ్చింది. వేడెక్కుతున్న లోకంలో కొన్ని జాతులు తొందరపడి ముందే బయలుదేరుతున్నాయి, కొన్ని వెనకబడుతున్నాయి. ఇవి వెనకబడ్డవి. గేటయ్యకు ఇదంతా తెలియదు. ఆయన చూసింది మార్చి తొమ్మిది. ఆయన రాసిందీ మార్చి తొమ్మిది.

నెల తిరక్కుండా మెమో వచ్చింది. రిజిస్టరులోని ఏ నమోదైనా గత సంవత్సరాల సగటుతో పోలిస్తే మూడు రోజులకు మించి తేడా చూపితే సంజాయిషీ ఇవ్వాలని ఆఫీసులో ఒక పాత సర్క్యులరు ఉంది. గేట్లకు గ్రీజు పూయడం, కొలబద్ద కడగడం లాంటి పనులు లస్కర్లు ఎగ్గొట్టకుండా పెట్టిన ఏర్పాటు అది. పిట్టలకు అది వర్తించదని ఏ గుమాస్తా అనుకోలేదు. 'ఆరు దినముల వ్యత్యాసము కనబడుచున్నది. కారణము తెలుపుచు మూడు ప్రతులలో సంజాయిషీ సమర్పించవలెను.'

గేటయ్య మూడు ప్రతులు రాశాడు: 'పిట్టలు ఆలస్యముగా వచ్చినవి.'

జవాబు: 'సంజాయిషీ సంతృప్తికరముగా లేదు. ఆలస్యమునకు బాధ్యులెవరో తెలుపవలెను.'

రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మళ్లీ మూడు ప్రతులు రాశాడు: 'పిట్టలే బాధ్యులు.'

ఆఫీసువాళ్లు దాన్ని పొగరుగా తీసుకున్నారు. ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఆ కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి. చదివినవాళ్లంతా నవ్వుతారు. నేనూ మొదటిసారి నవ్వాను. ఆ మెమో రాసిన మనిషి మాత్రం నవ్వులాటకు రాయలేదు. సర్క్యులరు చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. ఒక్క గీత కూడా తప్పలేదు. ఆ తప్పని గీతే ఆ తర్వాత పన్నెండేళ్లు పిట్టపిల్లల్ని చంపింది.

"వచ్చే ఏడు మూడో తేదీ అనే రాసి పారేయండి," అంది ఆవిడ. "పిట్టలేమైనా వచ్చి చదువుతాయా?"

మరుసటి ఏడు పిట్టలు మార్చి పదిన వచ్చాయి. ఆయన మూడు అని రాశాడు. ఆ తర్వాతి ఏడు నాలుగు, ఆపైన మళ్లీ మూడు, ఒకసారి అయిదు, ఒకసారి రెండు. ఏటా ఒకే తేదీ ఉంటే ఆఫీసువాళ్లకు అనుమానం వస్తుందని అటూ ఇటూ జరిపి రాసేవాడు. పోయిన తేదీలనూ అలాగే మే పది దగ్గర సర్దేవాడు. ప్రతి పేజీ అడుగున అచ్చువేసిన వాక్యం కింద సంతకం చేసేవాడు. మెమోలు ఆగిపోయాయి. మంచి పనివాడని ఒకసారి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

దిబ్బ మీద పిట్టలు మాత్రం ఏటా ఇంకాస్త వెనకబడ్డాయి. మే పదిహేను వెనకబడలేదు.

మొదటి ఏడు గేట్లు ఎత్తినప్పుడు నాలుగు పిల్లలు మునిగాయి. ఆయన వంతెన మీంచి దుర్భిణితో చూశాడు. టోపీపిట్ట పిల్లకు పుట్టుకతో వచ్చిన తెలివి ఒక్కటే. ప్రమాదం వస్తే పరుగెత్తదు, అరవదు. ఇసుకకు పొట్ట ఆనించి, మెడ చాచి, కదలకుండా పడుకుంటుంది. పైన గద్ద ఉంటే అదే దాని ప్రాణం కాపాడుతుంది. గద్దకు ఇసుకా పిల్లా ఒకటే. నీళ్లు వచ్చినా అది ఆ పనే చేస్తుంది. నీరు పొట్ట తాకుతుంది, కదలదు. మెడ దాకా వస్తుంది, కదలదు. ఆ తర్వాత కదిలినా లాభం ఉండదు.

నాలుగు పదకొండయ్యాయి, పదకొండు ముప్పై అయ్యాయి. నిరుడు తొంభై. ప్రతి ఏడూ మే పదిహేను నాటి పేజీలో ఆయన ఒకే మాట రాశాడు: 'గేట్లు తెరవబడినవి. సాధారణము.'

నేను లాయరుగా ఉన్న మా పక్షుల సంఘం ఆ తేదీ మార్చమని పిటిషను వేసినప్పుడు మాకు గేటయ్య ఎవరో తెలియదు. బయటి నుంచి వచ్చిన ఒక ఫొటోగ్రాఫరు తీసిన నిరుటి చిత్రాలు మా దగ్గర ఉన్నాయి. మేం అడిగింది పంతొమ్మిది రోజులు. మే పదిహేనుకు బదులు జూన్ మూడు. అవతలి పక్షం నదికి దిగువనున్న బొగ్గు విద్యుత్ కర్మాగారం. దాని గొట్టాలు చల్లబడటానికి ఆ నీళ్లు కావాలి. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి కనుక మరీ కావాలి. ఎండలు ఎందుకు ముదురుతున్నాయని ఆ కర్మాగారాన్ని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. తమ సొంత చెరువులో ఇరవై రోజులకు సరిపడా నీళ్లున్నాయని వాళ్లే అఫిడవిట్‌లో ఒప్పుకున్నారు. పంతొమ్మిది రోజులు ఆగితే ఒక రోజు మిగిలేది. అయినా ఆగబోమన్నారు. దానికి వాళ్లు చూపిన కారణం గేటయ్య రిజిస్టరు. ముప్పై ఒక్క సంవత్సరాల నమోదు. పిట్టలు మార్చి మొదటి వారంలో వస్తున్నాయి, మే పన్నెండు లోపల పోతున్నాయి. ఇక మార్చవలసింది ఏముంది?

ఆ నకళ్లు పట్టుకుని ఏప్రిల్ చివర్లో గేజు గదికి వెళ్లాను. ఆయన కుర్చీ తుడిచి వేశాడు, చల్లటి నీళ్లిచ్చాడు, రిజిస్టరు మాట ఎత్తగానే నీళ్లు నమిలాడు. రెండోసారి వెళ్తే గ్రీజు డబ్బా పట్టుకుని వంతెన మీదికి వెళ్లిపోయాడు. మూడోసారి ఆవిడే నన్ను క్వార్టరులోకి పిలిచింది.

"లాయరమ్మా, నువ్విట్లా రోజూ వస్తుంటే ఆయనకు ముద్ద దిగట్లేదు. ఏం కావాలో సూటిగా అడుగు, సూటిగా చెప్పించుకో, వెళ్లిపో."

ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఆ పుస్తకంలో చివరి పన్నెండూ రాసింది నేనే. చూసింది అది కాదు."

"మరి చూసింది?"

ఒక్కొక్క ఏడాదీ చెప్పాడు. తొమ్మిది తర్వాత పది, పదకొండు, మళ్లీ పది, పదమూడు. ఎక్కడా తడుముకోలేదు. ఈ ఏడు మార్చి ఇరవై రెండు. ప్రస్తుతం దిబ్బ మీద గుడ్లు పగులుతున్నాయి. మొదటి పిల్ల ఎగిరేసరికి మే నెల అయిపోతుంది.

"ఇది ప్రమాణం చేసి చెప్తారా?"

"చెప్తే ఏమవుతుంది?"

చట్టం ఏం చేస్తుందో దాచకుండా చెప్పాను. తప్పుడు నమోదు నేరం. పన్నెండు నమోదులు పన్నెండు నేరాలు. సస్పెన్షన్ ఖాయం, ఉద్యోగం పోవచ్చు, పింఛను ఆగవచ్చు. రిటైర్మెంటుకు పదకొండు నెలలుంది. అన్నీ చెప్పి, చెప్పకపోతే పిల్లలు ఎన్ని మునుగుతాయో కూడా చెప్పాను. రెండూ ఒకే గొంతుతో చెప్పానని అప్పుడు అనుకున్నాను. రెండోది కాస్త గట్టిగా చెప్పాను.

"పదకొండు నెలలండీ," అంది ఆవిడ ఆయనతో. "ముప్పై ఏళ్లు లాక్కొచ్చారు. పదకొండు నెలలు కళ్లు మూసుకోలేరా?"

"పన్నెండేళ్లు మూసుకున్నాగా."

"అదే అంటున్నా. అలవాటైన పనేగా!"

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అఫిడవిట్ నేనే రాశాను. ఒక్కో పేరా చదివి వినిపిస్తే, రిజిస్టరు మీద పెట్టినట్టే, ఎక్కడా వణకని సంతకం పెట్టాడు.

మే ఏడున విచారణ. పొడవాటి గది, కిటికీలకు తెరలు, బల్ల మీద ప్లాస్కు, బయట ఎండ ఎంత ఉందో తెలియనివ్వని చల్లటి గాలి. విచారణాధికారి మర్యాదస్తుడు. కర్మాగారం వకీలు ఇంకా మర్యాదస్తుడు. గేటయ్యను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఆ తర్వాతే మొదలుపెట్టాడు.

"ఈ పేజీ కింద సంతకం ఎవరిది?"

"నాదేనండి."

"సంతకం పైన అచ్చువేసిన వాక్యం చదువుతారా?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. "పై వివరములు నేను స్వయముగా చూచి వ్రాసితిని."

"స్వయంగా చూశారా?"

"చూశానండి. చూసింది రాయలేదు."

"అంటే అబద్ధం రాశారు."

"రాశాను."

"ఎన్నేళ్లు?"

"పన్నెండు."

"అప్పుడు అబద్ధం వల్ల లాభం ఉంది కనుక అబద్ధం రాశారు. మెమోలు రాలేదు, ప్రశంసాపత్రం వచ్చింది. ఇప్పుడు ఈ మాట చెప్పినందుకు ఏం లాభం?"

"లాభమా?" ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఉద్యోగం పోతుందండి."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. వకీలు కూడా చిరునవ్వు నవ్వాడు.

"ఏ ఏడాది ఏ తేదీయో ఎక్కడైనా రాసిపెట్టుకున్నారా? డైరీ? క్యాలెండరు?"

"లేదండి. గుర్తుంది."

"పన్నెండేళ్లు అబద్ధం రాసిన చేతిని వదిలేసి, పన్నెండేళ్లుగా నిజం దాచిన నోటిని నమ్మమంటారు. అంతేనా?"

"నన్ను నమ్మక్కర్లేదండి," అన్నాడు గేటయ్య. "దిబ్బ మీద పిల్లలున్నాయి. నిన్నటికి రెండొందల పన్నెండు. ఇక్కడికి గంటన్నర దారి. వచ్చి లెక్కపెట్టుకోండి."

ఆ గదిలో ఆ రోజు ఎవరైనా సాక్ష్యమనదగ్గ మాట చెప్పారంటే అది ఇదొక్కటే. విచారణాధికారి దాన్ని శ్రద్ధగా రాసుకున్నాడు. స్థల పరిశీలనకు అనుమతి ఇచ్చాడు. గుమాస్తా డైరీ తిరగేసి, ఖాళీ ఉన్న మొదటి రోజు జూన్ రెండు అన్నాడు. గేట్లు మే పదిహేనున తెరుస్తారని నేను లేచి చెప్పాను.

"ఆ విషయం నా దృష్టిలో ఉంది," అన్నాడాయన.

స్టే ఇవ్వలేదు. ఉత్తర్వులో కారణం ఒకటే వాక్యం: 'లిఖితపూర్వకమైన ముప్పై ఒక్క సంవత్సరముల నమోదును, తానే అసత్యవాదినని ఒప్పుకొన్న సాక్షి మౌఖిక వాంగ్మూలము ఖండించజాలదు.' ఆ వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, చట్టం తప్పు లేదు. పై కోర్టుకు వెళ్తే వేసవి సెలవులు. అత్యవసర విచారణకు పెట్టిన అర్జీని, మనుషుల ప్రాణాలకు సంబంధించినది కాదని తిప్పి పంపారు.

పదమూడో తేదీన గేటయ్య ఫోన్ చేశాడు.

"అమ్మా, ఒక మాట. ఆవిడ దగ్గర బట్టల బుట్టలు నాలుగున్నాయి. కాలనీలో అడిగితే ఇంకో పది దొరుకుతాయి. రేపు పడవేసుకుని పోయి పిల్లల్ని ఎత్తుకొచ్చి గట్టున దించేస్తే?"

నేను చెప్పవలసింది చెప్పాను. ఆ దిబ్బ రక్షిత స్థలం, కాలు పెట్టడం నేరం. ఆ పిట్ట రక్షిత జాతి, పిల్లను చేత్తో తాకడం అంతకంటే పెద్ద నేరం. పైగా గట్టున దించితే తల్లులు వాటి దగ్గరికి రావని, మేపవని పక్షుల సంగతి తెలిసినవాళ్లు చెప్పారు.

"ముట్టుకుంటే నేరమా?"

"నేరమే."

"ముంచితే?"

"నిబంధన ప్రకారం గేటు తెరిస్తే నేరం కాదు."

"సరేలేమ్మా, ఎండలో తిరక్కు," అని పెట్టేశాడు.

పదిహేనో తేదీ ఉదయం తొమ్మిదిన్నరకు ఇంజినీరు జీపులో వచ్చాడు. ఇప్పటి ఇంజినీరు, నలభై దాటని మనిషి. సస్పెన్షన్ ఉత్తర్వు సంచిలోనే ఉంది. బల్ల మీద పెట్టాడు. అమలు పదహారో తేదీ నుంచి.

"ఇవాళ్టి నుంచే వేయండి సార్," అన్నాడు గేటయ్య.

"ఇవాళ నువ్వు లేకపోతే గేటు ఎవరెత్తుతారయ్యా? బదులు మనిషి రేపు గానీ రాడు."

"అందుకేగా అడిగేది."

"నన్ను ఇరికించకు. నువ్వు తిప్పనంటే కర్మాగారం వాళ్లు మోటారు పెట్టి మనుషుల్ని దింపుతారు. కింద సిద్ధంగా ఉన్నారు. నీ మీద ఇంకో కేసు పడుతుంది. నీళ్లు మాత్రం ఆగవు."

గేటయ్య వంతెన చివరికి వచ్చి, అక్కడ నిలబడి ఉన్న నన్ను అడిగాడు. మోటారుతో అయిదు గేట్లూ పది నిమిషాల్లో లేచిపోతాయి. చేత్తో తిప్పితే ఒక్కో గేటుకు ఇరవై నిమిషాల దాకా తీసుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది.

"నేను తిప్పితే నీళ్లు మెల్లిగా ఎక్కుతాయి. కాస్త పెద్దవి నడిచి మిట్టకు పోతాయేమో. ఏమంటారమ్మా?"

ఏమో తెలియదన్నాను. పోవని ఆయనకు తెలుసు. పన్నెండేళ్లు చూశాడు.

పది గంటలకు మొదలుపెట్టాడు. ఒక చుట్టు తిప్పడం, ఆగడం, కిందికి చూడటం. ఇంజినీరు గడియారం చూసుకుంటూ ఉండిపోయాడు, తొందరపెట్టలేదు. ఆ మేరకు ఆ మనిషిని తప్పుపట్టను. నేను దుర్భిణితో చూశాను. మొదట దిబ్బ అంచులు నల్లబడ్డాయి. తల్లులు ఒక్కసారిగా లేచి అరవసాగాయి. ఆ అరుపు వినగానే పిల్లలన్నీ ఎక్కడివక్కడ ఇసుకకు కరుచుకుపోయాయి. ఒక్కటీ నడవలేదు. ఒక్కటీ మిట్ట వైపు చూడలేదు. మోటారుతో అయితే ఒక్క ఊపులో అయిపోయేది. గేటయ్య దయ వల్ల గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ గంటా నలభై నిమిషాలూ అవి కదలకుండా, చెప్పినమాట విన్నట్టు, పొట్ట మీద పడుకుని ఉన్నాయి. పదకొండు గంటల నలభైకి దిబ్బ లేదు.

మూడు రోజుల పాటు తల్లులు ముక్కున చేప పట్టుకుని ఆ నీళ్ల మీద ఒకే చోట తిరిగాయి. ఆ తర్వాత వెళ్లిపోయాయి.

జూన్ రెండున విచారణాధికారి చెప్పిన వేళకే వచ్చాడు. గొడుగు పట్టే మనిషి, ఫైలు మోసే గుమాస్తా, కర్మాగారం వకీలు, ఇంజినీరు, నేను. గేటయ్య క్వార్టరు ఖాళీ చేసే పనిలో ఉన్నాడు. తాళాలు అప్పగించడానికి వచ్చినవాణ్ణి అక్కడే ఉండమన్నారు. అందరం వంతెన మీంచి నిండుగా పారుతున్న నదిని చూశాం. విచారణాధికారి పావుగంట నిలబడి చూశాడు. మనిషి నిజాయితీపరుడు, పావుగంట చూడనక్కర్లేదు. గుమాస్తాకు చెప్పి రాయించాడు: 'స్థలమును పరిశీలించితిని. పక్షులు గాని, పిల్లలు గాని కనబడలేదు.'

స్థలం బాగా తెలిసినవాడని సాక్షిగా సంతకానికి కాగితం గేటయ్య ముందు పెట్టారు. ఇంజినీరు ఆయన చెవిలో వేశాడు. "పెట్టేయవయ్యా. నువ్వు సహకరించావని నేనూ రాస్తాను. కేసు పలచబడుతుంది, పింఛను మీద చెయ్యి వేయరు. అందులో అబద్ధమేముంది? కనబడుతున్నాయా నీకు?"

గేటయ్య రెండుసార్లు చదువుకున్నాడు.

"కనబడలేదన్నది నిజమే సార్," అన్నాడు విచారణాధికారితో. "ఎందుకు కనబడలేదో కింద ఒక్క ముక్క రాయండి. పెడతాను."

"ఎందుకన్నది ఈ పరిశీలన పరిధిలోకి రాదు."

"అయితే నేనూ రానండి."

కలం మూత పెట్టి కాగితం మీద అడ్డంగా ఉంచాడు. గుమాస్తా రాసుకున్నాడు: 'సాక్షి సంతకమునకు నిరాకరించెను.' నెల తర్వాత మా పిటిషనును కొట్టేస్తూ ఇచ్చిన ఉత్తర్వులో రెండు కారణాలున్నాయి. ఒకటి ముప్పై ఒక్క సంవత్సరాల రిజిస్టరు. రెండోది ఆ పరిశీలన నివేదిక. సాక్షి నిరాకరణకు ప్రాముఖ్యం లేదని అడుగున ఒక వాక్యం. పింఛను కాగితాలు ఆ నిరాకరణ దగ్గరే ఆగిపోయాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆ రోజు నేను ఆయన వెనకే క్వార్టరుకు వెళ్లాను. సామాను గుమ్మం బయట ఉంది. ఆవిడ మిషను మీద దుప్పటి కప్పి తాడు బిగిస్తోంది.

"పెట్టారా సంతకం?"

"లేదు."

ఆవిడ తాడు వదిలేసింది. ట్రంకుపెట్టె మీద కూలబడి ఆయన్ని చూసింది, తర్వాత నన్ను.

"పన్నెండేళ్లు ఏటా పెట్టారు. అడక్కుండానే పెట్టారు. ఈ ఒక్కటీ పెడితే ఏం పోయేదండీ? ఉన్నవే బతకలేదు. పోయినవి లేచొస్తాయా?"

ఆవిడ నా వైపు తిరిగింది.

"లాయరమ్మా, నువ్వు చెప్పు. లేచొస్తాయా?"

"రావు," అన్నాను.

"మరి ఈయనకి మంచి చేశానని నీకుందా?"

ఆవిడ లేచి, తాడు మళ్లీ అందుకుని, ఒక కొస ఆయన చేతిలో పెట్టింది.

"ఆ వంగిన భుజంతో లాగకండి, రెండోదానితో లాగండి," అంది. "మిషను పగిలితే ఇక తినడానికి కూడా ఉండదు."